ఆకలికడియం ఊరుకున్న పూట

ఆ ప్రసూతి వార్డులో పదిమందికి పైగా పసిబిడ్డలున్నారు. ఒక్కరూ ఏడవడం లేదు.

వారిజ కూతురు నిద్రలో పెదవులు కదిపిందో లేదో, దాని కాలికున్న ఆకలికడియం పసుపుపచ్చగా వెలిగింది. మంచం వెనక గోడలోంచి క్షీరశిల్పి సన్నని చెయ్యి చాచి, వెచ్చని పాలసీసాను బిడ్డ నోటికి అందించింది. తల్లి నెత్తుటి చుక్కను పరీక్షించి, ఆమె పాలు ఎలా ఉంటాయో లెక్కగట్టి, అచ్చం అలాంటి పాలనే తయారుచేసే యంత్రమది. కాకినాడలోనే కాదు, రాష్ట్రంలోని ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ, అడిగినా అడగకపోయినా, ప్రతి బాలింతకూ ఉచితం.

వారిజ సీసాను పక్కకు నెట్టింది. యంత్రం మర్యాదగా మళ్ళీ అందించింది.

"దీన్ని ఆపించండి," అంది ఆమె, రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ శర్వాణితో. "నా బిడ్డకు నేనే పాలిస్తాను."

"పాలల్లో ఏమైనా తేడా కనిపించిందా అమ్మా?"

"తేడా ఏం లేదండి. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే కేంద్రంలో ఇంజనీర్ని, యంత్రాలంటే నాకు కోపం దేనికి? కానీ పాప పుట్టి ఇది మూడోరోజు. ఆకలేస్తే ఎలా ఏడుస్తుందో నాకింకా తెలీదు. అడిగేలోపే అన్నీ అయిపోతున్నాయి."

శర్వాణి మంచం అంచున కూర్చుంది. నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు.

"నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, పాలు పడని తల్లులు డబ్బా పాలు కొనలేక నీళ్ళెక్కువ కలిపి పట్టేవాళ్ళు. అలా పోయిన పిల్లల్ని ఈ చేతుల్తోనే గుడ్డలో చుట్టాను. ఆసుపత్రే ఉచితంగా ఇవ్వాలని ఏళ్ళ తరబడి పోట్లాడితే వచ్చింది ఈ యంత్రం. నువ్వు ఆపమంటున్నావు."

"కావలసినవాళ్ళకి ఇవ్వొద్దనడం లేదండి. అడిగి ఇవ్వమంటున్నాను."

శర్వాణి లేచి, మంచం పక్కనున్న యంత్రం మీట మీద వేలు పెట్టింది. "కడియం మాత్రం తియ్యను," అంది. "అది ఎర్రబడిందా, నా మాటే చెల్లాలి."

"సరేనండి."

శర్వాణి మీట నొక్కగానే క్షీరశిల్పి చెయ్యి గోడలోకి ముడుచుకుపోయింది. బిడ్డ ఒకసారి ముక్కింది, మొహం చిట్లించింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

వార్డంతా తలలెత్తి చూసింది. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు యంత్రాన్ని నడపడం నేర్పారు గాని, బిడ్డను రొమ్ముకు పట్టించడం ఎవరూ నేర్పలేదు. వారిజ తనకు తోచినట్టు పట్టింది. బిడ్డ నోరు జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. కడియం పసుపు నుంచి నారింజరంగుకు మారింది. వారిజ నుదుటిన చెమటలు పట్టాయి. శర్వాణి చూపు కడియం మీదే ఉంది.

ఎదుటి మంచం మీది నూకరత్నం నడుం పట్టుకుని లేచి వచ్చింది. తుఫాను రక్షణ పడవకు కెప్టెన్ ఆవిడ.

"మా పెద్దోడు నడిసంద్రంలో, పడవలోనే పుట్టాడమ్మా. రేడియోలో ఓ పెద్దావిడ చెప్తా ఉంటే పట్టాను పాలు. గుర్తున్నంతవరకూ చెప్తాను, ఇలా చూడు. తలొక్కటే తిప్పితే ఎలా తాగుద్ది? ఒళ్ళంతా నీకేసి తిప్పు. నువ్వు వంగమాక, దాన్నే పైకి తెచ్చుకో. నోరు బాగా తెరవనీ... ఆఁ, ఇప్పుడు."

ఏడుపు ఆగింది. చిన్న గుటక వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. కడియం నెమ్మదిగా పసుపుకు దిగి, తర్వాత ఆకుపచ్చగా మారింది. వారిజ ఊపిరి వదిలి, ఏడుస్తూ నవ్వింది.

అప్పుడే పక్కమంచం మీది చిన్నవయసు బాలింత కంగారుగా తన గుండెల వంక చూసుకుంది. "అక్కా, నా జాకెట్టు తడిసిపోతోంది."

"నాదీనూ," అంది కిటికీ దగ్గరున్నావిడ.

క్షీరశిల్పిని తయారుచేసినవాళ్ళు పాలల్లోని ప్రతి కణాన్నీ లెక్కవేశారు. ఒక బిడ్డ ఆకలికి ఏడిస్తే చుట్టూ ఉన్న తల్లులందరికీ పాలు చేపుకొస్తాయని మాత్రం వాళ్ళకు తట్టలేదు.

"మాకూ ఆపండి మేడమ్," అన్నారు ఒకరి తర్వాత ఒకరు. శర్వాణి తానే మంచం మంచానికీ వెళ్ళి మీట నొక్కింది. నూకరత్నం అటూ ఇటూ తిరుగుతూ చెప్పిందే చెప్పింది. నర్సులు వెనకే నిలబడి నేర్చుకున్నారు. ఏడుపులతో, నవ్వులతో వార్డు సంతలా మారింది.

మూల మంచం మీది షాహీనా ఒక్కతే బిడ్డను దగ్గరకు పొదువుకుని బెదురుగా చూస్తోంది. "అన్నీ ఆపేస్తారా మేడమ్? క్యాన్సర్‌కి నాకు రెండువైపులా తీసేశారు."

శర్వాణి ఆమె దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "నీకెందుకు ఆపుతానమ్మా? నీ బిడ్డకు కావలసినన్నాళ్ళు, కావలసినన్ని. ఇంటికి కూడా వస్తాయి. పైసా ఇవ్వక్కర్లేదు."

కడియం వెలిగింది. క్షీరశిల్పి చెయ్యి చాచింది. షాహీనా ఒక్క క్షణం చుట్టూ ఉన్న తల్లుల్ని చూసి, సీసాను యంత్రం పట్టులోంచి తీసేసుకుంది.

"ఇలా తేండి. పట్టేది నేనే."

నూకరత్నం ఆమె మోచేతి కింద దిండు సర్దింది. బిడ్డ తల్లి ఒళ్ళో ఒదిగి తాగుతూ, మెల్లగా కళ్ళు తెరిచాడు.

"నన్నే చూస్తున్నాడు మేడమ్," అంది షాహీనా. "పుట్టినప్పట్నుంచీ గోడవైపే చూస్తూ తాగేవాడు."