ఏ తాళానికీ పట్టని గుత్తి

నాలుగో పీరియడ్ సగంలో నోయెల్ బెంచీ మీద నుంచి కింద పడ్డాడు.

కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కళ్లు పైకి తేలాయి. ఆరో తరగతి మొత్తం లేచి నిలబడింది. సోషల్ చెప్తున్న సీతామహాలక్ష్మి టీచర్ చేతిలోని చాక్‌పీస్ జారిపోయింది.

"ఫిట్స్! ఎవరైనా ఇనుము తెండి, ఇనుము!" అంది టీచర్.

భువన దగ్గర ఇనుము సిద్ధంగా ఉంది.

నోయెల్‌కి ఫిట్స్ వస్తాయని వాళ్లమ్మ కరుణాకుమారి జూన్‌లోనే స్కూల్లో చెప్పింది. వస్తే ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాసి కూడా ఇచ్చింది. ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు.

భువన కూడా చదవలేదు. చదవాల్సిన పని లేదనుకుంది. ఏం చెయ్యాలో తనకి ముందే తెలుసు.

వాళ్ల నాన్న రవిచంద్ర షూటింగులకి సామాన్లు అద్దెకిస్తాడు. మంచాలు, కుర్చీలు, కత్తులు, పాత ఫోన్లు, ఏది కావాలన్నా ఫిల్మ్ నగర్‌లో ఆయన గోడౌన్‌లో దొరుకుతుంది. ఎండాకాలం సెలవుల్లో భువన ఆయనతో ఒక షూటింగ్‌కి వెళ్లింది. ఆ సీన్‌లో ఒక తాతగారికి ఫిట్స్ వచ్చాయి. హీరోయిన్ నడుముకున్న తాళాల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. తాతగారు కళ్లు తెరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. భువన అదంతా కళ్లారా చూసింది.

అందుకే నోయెల్ సంగతి విన్న రోజే ఆ గుత్తిని గోడౌన్ నుంచి తెచ్చి బ్యాగులో పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని తీసి నోయెల్ కుడిచేతిలో కుక్కింది.

"శ్రీనిధీ, పైనుంచి పట్టుకో! గట్టిగా! వదలకు!"

ఇద్దరూ కలిసి నోయెల్ వేళ్లని గుత్తి చుట్టూ నొక్కిపట్టారు. కాసేపటికి ఫిట్స్ ఆగాయి. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు అసెంబ్లీలో భువనని పైకి పిలిచి మెచ్చుకున్నారు. శ్రీనిధి వాళ్ల మామయ్యకి ఒక యూట్యూబ్ ఛానెల్ ఉంది. ఆయన వచ్చి వీడియో తీశాడు. "తాళాలతో ప్రాణం పోసిన చిన్నారి" అని పేరు పెట్టాడు. రెండు రోజుల్లో నలభై వేల మంది చూశారు.

బోర్డు పక్కన గోడకి ఒక మేకుంది. ఒకప్పుడు దానికి గడియారం ఉండేది. అది పగిలిపోయాక ఇంకోటి తేలేదు. టీచర్ ఆ మేకుకి తాళాల గుత్తి తగిలించింది.

"మళ్లీ వస్తే వెతుక్కోనక్కర్లేదు," అంది.

నోయెల్ నాలుగో రోజున స్కూలుకొచ్చాడు. కుడి అరచేతికి కట్టుంది.

"ఒరేయ్, తాళాలబాబు వచ్చాడ్రా!" అని వెనక బెంచీ నుంచి నాని అరిచాడు. "నోయెల్, మా ఇంటి తాళం పోయింది. నీ దగ్గరుందేమో చూడవా?"

అందరూ నవ్వారు. భువన కూడా నవ్వింది. నోయెల్ మేకు వైపు చూశాడు.

లంచ్ బెల్ కొట్టాక భువన దగ్గరికొచ్చాడు.

"అది తీసెయ్."

"ఎందుకు? నిన్ను కాపాడింది అదే కదా!"

నోయెల్ కట్టు చూపించాడు. "మూడు కుట్లు. నా వేళ్లు బిగుసుకుపోతుంటే మీరు పైనుంచి నొక్కారు."

"అయితే ఏం? ఫిట్స్ ఆగాయిగా?"

"ఎంతసేపటికి ఆగాయి?"

భువనకి తెలీదు.

"డాక్టర్ కూడా అదే అడిగాడు. రెండు నిమిషాలా, ఆరు నిమిషాలా అని. దాన్నిబట్టే చూస్తారట. అమ్మ టీచర్‌ని అడిగింది. టీచర్‌కి తెలీదు. అందుకని మూడు రోజులు హాస్పిటల్లో ఉంచారు." నోయెల్ గొంతు పెంచలేదు. "క్లాసులో నలభై మంది ఉన్నారు. అందరూ తాళాలే చూశారు. ఇంకోసారి ఇలా అయితే స్కూలు మాన్పించేస్తానంటోంది అమ్మ."

భువనకి కోపం వచ్చింది. కాపాడినందుకు థాంక్స్ చెప్పాలి గానీ ఇదేంటి?

ఆ కోపంతోనే సాయంత్రం గోడౌన్‌కి వెళ్లింది. రవిచంద్ర కుర్చీల దుమ్ము దులుపుతున్నాడు.

"నాన్నా, ఆ పెద్ద తాళాల గుత్తి ఇనుముదే కదా?"

"ఏది, జమీందారు ఇంటి గుత్తా? ఇనుమెక్కడిది? అల్యూమినియం. పైన నల్లరంగు కొట్టించాను. ఇనుముదైతే హీరోయిన్ నడుముకి ఆగుతుందా? కుచ్చిళ్లతో సహా ఊడొస్తుంది."

"అవి ఏ తాళాలకి పడతాయి?"

"ఏ తాళానికీ పట్టవు. కెమెరాకి పడితే చాలు."

భువన ఒక మంచం మీద కూలబడింది. "మరి ఆ తాతగారికి ఫిట్స్ ఎలా ఆగాయి?"

రవిచంద్ర పెద్దగా నవ్వాడు. "డైరెక్టర్ కట్ అన్నాడమ్మా!"

"అలాంటప్పుడు అలా ఎందుకు తీస్తారు?"

"మా ఊళ్లో అందరూ అలాగే చేసేవాళ్లు. ఆ కథ రాసినాయన ఊళ్లోనూ అంతే. అయినా సినిమా అన్నాక ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి. ఊరికే పక్కన కూర్చుని గడియారం చూస్తే అదేం సీను?"

భువన మూడు కుట్ల సంగతి చెప్పింది. రవిచంద్ర నవ్వు ఆగిపోయింది.

"మరి నోయెల్‌కి ఎలా ఆగాయి నాన్నా?"

"నాకేం తెలుసు? నేను సామాన్లిచ్చేవాణ్ణి. తెలిసినవాళ్లని అడుగు."

మర్నాడు పొద్దున భువన గేటు దగ్గర నిలబడింది. కరుణాకుమారి మోతీనగర్ నుంచి స్కూటర్ మీద నోయెల్‌ని దింపడానికి వచ్చింది.

"ఆంటీ, నోయెల్‌కి ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలి?"

"ఇప్పుడా అడగడం?" అందావిడ. హెల్మెట్ కూడా తియ్యలేదు. అయినా చెప్పింది. "చుట్టూ ఉన్న బెంచీలు జరపాలి. తలకింద మెత్తటిది పెట్టాలి. మెల్లిగా పక్కకి తిప్పాలి. చేతిలో గానీ నోట్లో గానీ ఏమీ పెట్టకూడదు. పట్టి ఆపకూడదు. టైమ్ చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి."

"తాళాలు పెట్టకపోయినా ఆగుతాయా?"

"చాలాసార్లు వాటంతట అవే ఆగుతాయి. నువ్వు తాళాలు పెట్టేసరికి ఆగే వేళయింది. ఇంకేం లేదు."

భువన క్లాసులోకి వెళ్లి మేకు నుంచి గుత్తి తీసేసింది.

"ఏయ్, పెట్టెయ్!" అన్నాడు నాని. "మళ్లీ పడిపోతే నువ్వు ఊపిరి పోస్తావా?"

"ఇది ఇనుము కాదు. ఉత్త అల్యూమినియం. షూటింగ్ సామాను."

"మా మామయ్య వీడియోకి యాభై వేల వ్యూస్ వచ్చాయి, తెలుసా?" అంది శ్రీనిధి.

"యాభై వేల మంది చూసినా ఇది అల్యూమినియమే."

శ్రీనిధి వారం రోజులు భువనతో మాట్లాడలేదు. సీతామహాలక్ష్మి టీచర్‌కి కూడా భువన అంతా చెప్పింది. టీచర్ చివరిదాకా వినలేదు.

"పెద్దవాళ్లు ఊరికే చెప్పరమ్మా. కూర్చో."

మేకు ఖాళీగా ఉంది. గోడౌన్‌లో నలభై గడియారాలున్నాయి. ఒక్కటీ నడవదు. షూటింగులో సీన్‌ని బట్టి ముల్లు తిప్పుకుంటారు. భువన అడిగితే రవిచంద్ర ఒక గడియారం వెతికి కొత్త సెల్ వేశాడు. సెకన్ల ముల్లు కదిలింది. భువన దాన్ని తీసుకెళ్లి క్లాసులో మేకుకి తగిలించింది. ఈసారి ఎవరూ వీడియో తియ్యలేదు.

ఆగస్టులో, వాన కురుస్తున్న ఒక పొద్దున, నోయెల్ మళ్లీ పడ్డాడు.

భువన ముందు గడియారం చూసింది. పదకొండూ నలభై. సెకన్ల ముల్లు పన్నెండు మీదుంది.

"నానీ, బెంచీ జరుపు!"

నాని జరిపాడు. శ్రీనిధి తన రెయిన్‌కోట్ మడిచి అందించింది. భువన దాన్ని నోయెల్ తలకింద పెట్టి, అతన్ని మెల్లిగా పక్కకి తిప్పింది. అప్పటికే సీతామహాలక్ష్మి టీచర్ హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. స్కూటీ తాళాలు తీసింది.

"వద్దు టీచర్."

"జరుగు భువనా!"

భువన జరగలేదు. "చేతిలో ఏమీ పెట్టకూడదు టీచర్. వాళ్లమ్మ చెప్పింది. నేను టైమ్ చూస్తున్నాను. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి."

టీచర్ చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత ఆ చెయ్యి మళ్లీ బ్యాగులోకి వెళ్లి ఫోన్ తీసింది.

ఒక నిమిషం గడిచింది. నోయెల్ చేతులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఖాళీ చేతులు. "పోనీ తాళాలు..." అని ఎవరో గొణిగారు. భువనకి కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకి అంతకుముందు తెలీదు. ముల్లు మీంచి కళ్లు తిప్పలేదు.

రెండు నిమిషాలు. ఇంకా కాస్త.

నోయెల్ చేతులు ఆగాయి. ఊపిరి నెమ్మదించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కిటికీ బయట వాన చప్పుడొక్కటే ఉంది.

చాలాసేపటికి నోయెల్ కళ్లు తెరిచాడు. ముందు కుడి అరచెయ్యి చూసుకున్నాడు. అందులో పాత కుట్ల గుర్తు తప్ప ఏమీ లేదు.

"ఎంతసేపు?" అన్నాడు.

"రెండు నిమిషాల పదిహేను సెకన్లు."

"కాగితం మీద రాసివ్వు. అమ్మ అడుగుతుంది."

భువన నోటుబుక్కులోంచి కాగితం చింపింది. పైన తేదీ వేసింది. కింద టైమ్ రాసింది.