అడ్డకడ్డీ లేని సైకిలు

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్ది కాలంలో డోన్ జంక్షన్‌లో రైలు మారని పెద్దమనిషి లేడు. వాళ్ల పెట్టెలూ బెడ్డింగులూ తూకం వేసి చీటీ రాసే పార్సిలు గుమాస్తా కంబన్న మాత్రం ఎక్కడికీ పోయేవాడు కాదు. డ్యూటీ దిగగానే రైల్వే క్వార్టర్సులో తన గది ముందు చతికిలబడి, తుప్పు పట్టిన పాత సైకిలును కిరసనాయిలుతో, ఇటుకపొడితో రుద్దుకుంటూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం పొద్దున అతని చేతుల మీద నీడ పడింది. తలెత్తితే ఆస్పత్రి తెల్లచీర, మడిచిన గొడుగు, గొడుగు కంటే సూటిగా ఉన్న చూపు.

"ఆ సైకిలు ఎవరికి చేస్తాండావప్పా?"

సర్కారు ఆస్పత్రిలో కాన్పులు చూసే నర్సమ్మ రామేశ్వరమ్మ. ఆమెను కంబన్న దూరం నుంచి చూడటమే గాని ఇంత దగ్గరగా, పైగా ఇంత కోపంగా, ఎన్నడూ చూడలేదు.

"ఎవరికీ కాదు నర్సమ్మా. ఊరికే చేసుకుంటాండా."

"పెండ్లి కాలేదు, అక్కచెల్లెండ్లు లేరు. ఆడోళ్ల సైకిలు ఊరికే చేస్తాండావా?"

కంబన్న సైకిలును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నిజమే. మగవాళ్ల సైకిలుకు సీటు నుంచి హ్యాండిలు దాకా ఉండే అడ్డకడ్డీ దీనికి లేదు. చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వల కూడా ఉంది. ఎవరో దొరసాని ఇంగ్లండుకు పోతూ బుక్ చేసి, మళ్లీ అడగని పార్సిలు అది. గోడౌను మూలన ఏళ్లు మగ్గి వేలానికి వస్తే ఎవరూ పాడలేదు. ఇనుము ఇనుమే అనుకుని తను తెచ్చుకున్నాడు. రుద్దిన చోటల్లా తుప్పు కింద నుంచి వేలెడంత మెరుపు బయటపడుతుంటే ఒంటరి సాయంత్రాలు మెల్లగా, నొప్పి తెలియకుండా గడిచిపోయేవి. అతనికి అంతే చాలు.

ఊరికి చాలలేదు. ఆడవాళ్ల సైకిలు బాగవుతోందంటే ఎక్కే ఆడమనిషి ఎక్కడో ఉండాలి కదా. డోన్‌లో సంచి పట్టుకుని ఒంటరిగా రోడ్డు మీద నడిచే పడుచు ఒక్కతే. ఊరు తేల్చేసుకుంది.

"ఆ మాట సంతలబడి మా ఆలూరు దాకా పోయింది," అంది రామేశ్వరమ్మ. "మా అమ్మ ఈ గురువారం బస్సుకు వస్తాంది. ఉద్యోగం మాన్పించి ఇంటికి పిల్చుకపోతాదంట. అందరితో కొట్లాడి కర్నూల్లో ట్రైనింగు అయి వచ్చినా. నువ్వు ఊరికే చేసినదానికి నా పని పోవల్లా?"

కంబన్న స్పానర్ అందుకున్నాడు. "విప్పేస్తా. ఈ పొద్దే విప్పి మూట కడ్తా."

అని ముందు చక్రం నట్టు ఒకటి తీశాడు. గుడ్డతో తుడిచి, కొంచెం నూనె రాసి, కొబ్బరి చిప్పలో పెట్టాడు.

ఆమె కాసేపు చూసింది. "విప్పేదానికి నూనె యాల?"

"అలవాటు."

ఆమె పెదవి బిగించింది. కోపమొస్తే బిగించే తీరు వేరు, అది వేరు. "ఎప్పటి నుంచి చేస్తాండావు?"

"ఉగాది నుంచి."

"మల్ల బిగించప్పా. పగలగొట్టమని నేను చెప్పలే. బిన్నే, రెండు మూడు దినాల్లో ముగించి ఏ పైఊరోళ్లకన్నా అమ్మేయ్. మా అమ్మ వచ్చేపొద్దుకు అది ఈడ కనబడగూడదు."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "సీటు శానా ఎత్తుండాది. కాలు ఆనదు."

"మీకు తొక్కేది వచ్చునా?"

"డాక్టరమ్మ సైకిలు హాస్టలు వాకిట్లో తొక్కినా. ఎవరికీ చెప్పొద్దు."

ఆ సాయంత్రం కంబన్న సీటు దించాడు. కొనబోయే వాళ్లు పొడుగో పొట్టో తెలియకుండా ఎందుకు దించుతున్నాడో తనను తాను అడగలేదు.

అద్దె సైకిళ్ల దాసన్న దగ్గరికి చెయిను కోసం పోతే, "రంగు ఏది వేస్తాండావప్పా? నర్సమ్మనడిగినావా?" అన్నాడు.

"ఆయమ్మ పేరు ఎత్తొద్దు దాసన్నా. ఆమె ఉద్యోగానికి ముప్పొచ్చి ఉండాది. కొనేటోళ్లుంటే చూడు."

ఎప్పుడూ ఎగతాళికి నవ్వి ఊరుకునే కంబన్న ఇలా అనేసరికి దాసన్న మెత్తబడ్డాడు. గుత్తిలో ఎవరికో కుదిర్చాడు. రంగు అంతకు ముందు ముగియదు కాబట్టి గురువారం సాయంత్రం రైలుకే సైకిలు ఎక్కించాలి.

గురువారం మధ్యాహ్నం కంబన్న తుప్పు రాకుండా వేసే అడుగు రంగు పూసి చేతులు తుడుచుకుంటున్నాడు. ఎర్రరంగు ఇంకా జిగటగానే ఉంది. ఎండను చల్లారుస్తూ నల్లరేగడి చేల మీద మబ్బు పట్టింది. రామేశ్వరమ్మ పరుగున వచ్చింది, చేతిలో మందుల సంచి.

"సైకిలు నడుస్తాదా?"

"నడుస్తాది. రంగు ఆరలేదు. యాల?"

"రైలుగేటు అవతల పల్లెలో తొలికాన్పు. నిన్నటి నుంచి నొప్పులంట. ఆస్పత్రి బండి ఇంగో ఊరికి పోయింది. నడిస్తే పొద్దు గూకుతాది."

"మీ అమ్మ వచ్చేది ఈ పొద్దే కదా."

"నాకు తెలుసు. ఆ పిల్లకు తెలీదు కదా."

కంబన్న తన పైగుడ్డతో హ్యాండిలు తుడిచి, సంచి దానికి కట్టాడు. ఆమె ఎక్కింది. సైకిలు ఎడమకు తూలింది, కుడికి తూలింది, తరువాత తన దారి తను తెలుసుకున్నట్టు సాగింది. అతను పక్కనే పరుగెత్తాడు.

బజారులో అంగళ్లవాళ్లంతా బయటికి వచ్చారు. సరిగ్గా అప్పుడే బస్సు ఆగింది. మూట చంకన పెట్టుకుని రామేశ్వరమ్మ తల్లి ఈరక్క దిగింది. కళ్ల ముందు నుంచి కూతురు సైకిలు మీద పోతోంది.

"అమ్మా, కాన్పుకు పోతాండా. నా గదికి తాళముండాది, ఆయప్ప ఇంట్లో కూర్చో." ఆగకుండానే అరిచి పోయింది. ఆగితే మళ్లీ ఎక్కడం తనకు రాదని తరువాత చెప్పింది.

'ఆయప్ప' వెనకాలే రొప్పుతూ వచ్చి ఈరక్క ముందు నిలబడ్డాడు, చేతుల నిండా ఎర్రరంగుతో. పైన చినుకు మొదలైంది.

వరండాలో కూర్చుని ఈరక్క అతను ఇచ్చిన మజ్జిగ తాగింది. వాన రేకుల మీద వాయిస్తోంది.

"నువ్వేనా ఆ సైకిలు గుమాస్తా?"

"ఔనమ్మా."

"నా బిడ్డకేనా చేసింది?"

"మొదలుపెట్టినప్పుడు ఎవరికీ కాదమ్మా. ఆదివారం ఆయమ్మ వచ్చి తిట్టిపోయింది. అప్పటి నుంచి ఆమెకే చేస్తాండా. ఆ మాట ఆమెకు చెప్పలే. వేరేవాళ్లకు అమ్ముతానని మాటిచ్చినా."

ఈరక్క గ్లాసు కింద పెట్టింది. "అమ్మేదాన్ని ఎవరన్నా ఇట్ల తోముతారా?" అని, ఆ తరువాత అతని ఊరేదో, ఇంటిపేరేదో, మేనమామలెవరో తీరికగా అడిగింది. ఆస్పరి దగ్గర పల్లె అనగానే ఇద్దరికీ తెలిసిన చుట్టాలు బయటపడ్డారు. వాన పెద్దది కావడం వాళ్లకు మంచిదే అయింది.

వాన వెలిసి పల్చని ఎండ పడ్డ వేళకు రామేశ్వరమ్మ సైకిలు తోసుకుంటూ వచ్చింది. తెల్లచీర నిండా ఎర్రటి మరకలు. ఈరక్క గబుక్కున లేచి ఎదురుపోయింది.

"ఏం నెత్తురే ఇది?"

"రంగులేమ్మా. ఈయప్ప ఆరబెట్టలే." అలసటలోనే నవ్వింది. "ఆడబిడ్డ పుట్టింది. తల్లి బాగుండాది."

ఈరక్క ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. స్టేషన్‌లో గుత్తి రైలు కూత వేసింది. సైకిలు ఎక్కించేందుకు ఎవరూ కదల్లేదు.

"తిట్టాలనే వచ్చినా," అంది ఈరక్క. "ఆ బిడ్డ బతికిందంటే ఇంగేం తిడ్తా? పని చేసుకో. శెనక్కాయ పీకినంక ఈ పిల్లోని అమ్మానాయనలను పెండ్లి మాటలకు రమ్మని చెప్పినా."

"నన్నెవరూ అడగరా?"

"అడుగుతాండాం కదా, చెప్పు."

రామేశ్వరమ్మ కంబన్న వైపు తిరిగింది. "పెండ్లయినా నేను పని మాన్ను. నడిరేయి పిలిచినా పోతా. అప్పుడేమంటావు?"

కంబన్న వంగి, సైకిలు హ్యాండిలు కింద ఖాళీ చోటును వేలితో తడిమి చూశాడు.

"ఈడ డైనమో దీపం బిగిస్తా. కర్నూల్లో దొరుకుతాది."

ఈరక్క కూతురి ముఖం చూసింది. "నువ్వడిగిందేంది, ఈయప్ప చెప్పేదేంది? ఔనన్నాడా, కాదన్నాడా?"

"ఔననే అన్నాడులేమ్మా," అంది రామేశ్వరమ్మ, అతని మీద నుంచి చూపు తిప్పకుండా.