గోడలో ఆడగొంతు

ముదిగుబ్బ అవతల, గుట్టల కింద మళ్ళీ తెరిచిన బంగారు గనిలో ఆరో సొరంగానికి మంచి పేరు లేదు. భూమి కింద ఎనిమిది వందల మీటర్లు... పట్టపగలైనా ఆడ రాత్రే. గోడ లోపల్నుంచి ఎవరో తడతాండారని పనోళ్ళు చెప్పుకునేవాళ్ళు. టక్... టక్‌టక్... మళ్ళీ చప్పుడుండదు.

ఇది తిప్పేషన్న నాకు చెప్పిందే. ఆ గనిలో డ్రిల్లు మేస్త్రీ. దెయ్యాలంటే నవ్వే మనిషి.

ఆ పొద్దు ఆయనా, ఇంకో నలుగురూ డ్రిల్లు బిగిస్తాండారు. తట్టుడు మొదలైంది. రోజూ కంటే జోరుగా — టక్‌టక్, టక్‌టక్... బండ పెళ్ళ ఒకటి ఎగిరొచ్చి ఆయన టోపీకి తగిలింది.

"ఎలకలు లేప్పా," అన్నాడు.

అప్పుడే... గోడలోంచి ఆడగొంతు.

"తిప్పేషా..."

ఐదుగురూ గోడ దిక్కు తిరిగినారు.

"బయటికొస్తాండా... పట్టుకో..."

అంతే! డ్రిల్లు ఆడే, సద్ది డబ్బాలూ ఆడే. ఐదుగురూ లిఫ్టు కాడికి ఒకటే పరుగు. వాళ్ళలో ఐజాక్ అయితే యేసయ్యనూ, కదిరి నరసింహస్వామినీ కలిపి పిలిచినాడంట.

పైకొచ్చి నీళ్ళు తాగుతాండగా కాళ్ళ కింద నేల అదిరింది. ఆరో సొరంగం గోడ పేలిపోయింది. ఎవరూ మందు పెట్టలేదు. పైనున్న కొండ బరువుకి బండ తనంతట తానే పగిలి, తూటాల మాదిరి ఎగిరింది. డ్రిల్లు మిషను నుజ్జునుజ్జు.

సాయంత్రం తిప్పేషన్న టెంకాయ పట్టుకుని గని కాడికి పోతాంటే జ్యోతిలక్ష్మి ఎదురైంది. లోపల బండ మీద ఎంత బరువు పడతాందో కొలిచే ఇంజినీరు, రాప్తాడు పిల్ల.

"టెంకాయ ఎవరికన్నా?"

"గోడలో అమ్మకి. ఆయమ్మ పిలవకుంటే మేం లేం."

ఆ పిల్ల చెయ్యి చాపింది. "అయితే ఇటియ్యి."

తిప్పేషన్న టెంకాయ వెనక్కి లాక్కున్నాడు.

"కొలత మిషను కోసం పక్క సొరంగం నుంచి ఆ గోడకి బెజ్జం ఏసినాము గదా, దాంట్లో నోరు పెట్టి అరిచినా. అరిచి నేనూ పరిగెత్తినా. ఏం చేయమంటావన్నా? గోడ పగుల్తాదని మేనేజరుకి నాలుగు మెయిళ్ళు పెడితే తెరవలేదు. నిన్న నీకే నోటితో చెప్తిని, నవ్వితివి. దెయ్యం చెప్తే ఒక్క తూరికే ఇంటిరి!"

"మరి... తట్టిందీ నువ్వేనా?"

ఆ పిల్ల మొగంలో నవ్వు పోయింది.

"అది నేను కాదన్నా. బండ. పగిలే ముందు అట్లే మాట్లాడతాది."

చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది.

"పొద్దున్నుంచి ఐదో సొరంగంలో కూడా తడతాండాది. రేపు మేనేజరు ఆడికే దిగుతాడంట... ఈ తూరి మగదెయ్యం కావాల. నీ గొంతు బాగుండాదన్నా."