పజుండౌంగ్ షెడ్డులో మంచు ఏనుగు

యాంగోన్‌లో పజుండౌంగ్ వాగు ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఉంది. పగలు అందులో పచ్చరాయి సానపడతారు, దంతం చెక్కుతారు. పొద్దు గుంకాక మాత్రం ఆ దారిన కుక్క కూడా పోదు. తెలియక పోయిన కుక్క ఒకటి మర్నాడు మింగళాడోన్ విమానాశ్రయం దగ్గర కనబడిందట... ఒక్క పరుగున అంత దూరం పోయింది మరి.

అక్కడున్నది మామూలు దెయ్యమా? ఏనుగు దెయ్యం. అదీ ఇప్పటి ఏనుగు కాదు — ఒళ్ళంతా జూలు వేలాడే మంచుకాలం నాటి ఏనుగు. సైబీరియాలో గడ్డకట్టిన నేల కింద వేల ఏళ్ళు హాయిగా పడుకుంది. ఎవరో దాని దంతం తవ్వి తీశారు. అది చైనా వ్యాపారుల చేతులు మారి మారి యాంగోన్ చేరింది. దంతం వచ్చింది కదా... వెనకాలే అదీ వచ్చింది.

కరెంటు పోయిన సాయంత్రాల్లో షెడ్డులోంచి గర్... గర్... మని చప్పుడు. చీకట్లో ఒకే ఒక్క కన్ను. ఆకుపచ్చది.

జోగి పని చేసేది ఆ షెడ్డులోనే. జోగి అంటే అల్లాటప్పా మనిషి కాదు. ఈ ఒడ్డున వాగులో దూకి, ఆ ఒడ్డున తాకేటాలో టీ తాగి, మీసం తడవకుండా తిరిగొచ్చినవాడు. చూసినవాళ్ళున్నారు. అలాంటివాడు కూడా సాయంత్రమైతే అందరికంటే ముందు షెడ్డు దాటేవాడు.

ఆ దంతంతో అతను చెక్కుతున్నది తెల్ల ఏనుగుని. బుద్ధుడు కడుపున పడే ముందు మాయాదేవికి కలలో కనబడిందే, ఆ ఏనుగు. దాని కాళ్ళ కింద పచ్చరాతి తామర రావాలి. ఆ రెండూ కలిపి తబౌంగ్ నెల పౌర్ణమికి పగోడాలో సమర్పిస్తానని మొక్కుకున్నది జోగి గురువు, షెడ్డులో అందరూ సయా అని పిలిచే ఊ కిన్ మౌంగ్. తండ్రి బర్మావాడు, తల్లి తెలుగావిడ. అందుకే ఆయన దీవెనలు బర్మా భాషలో, తిట్లు తెలుగులో. చేతులకి వణుకు పట్టి ఏడాదిగా ఉలి ముట్టడం లేదు. "ఇది నా ఆఖరి మొక్కు. ఇక నా చేతులు నీవే" అని ఆ దంతం ముక్క జోగి ఒళ్ళో పెట్టాడు. తామర మాండలేలో చేయిస్తున్నానన్నాడు.

ఆ దంతానికో పేచీ ఉంది. మంచులో ఉండొచ్చింది కదా, మన వేడిగాలి సరిపడదు. పని ఆపగానే తడిగుడ్డ చుట్టాలి. మరిచారా — తెల్లారేసరికి ఎండిన మడిలా బీటలే.

పౌర్ణమి ముందు రోజు సాయంత్రం తొండం మీద చివరి ముడత కూడా పూర్తయింది. జోగి గుడ్డ తడిపాడు. పిండాడు. భుజాన వేసుకున్నాడు. ఏనుగు వైపు తిరిగాడు...

కరెంటు పోయింది.

ఆ తరవాత ఏం జరిగిందో జోగికి తెలీదు, అతని కాళ్ళకే తెలుసు. తేలింది మాత్రం సొంతింటి గుమ్మంలో.

"ఏటయ్యా, భుజాన ఆ తడిగుడ్డేటి?" అంది భార్య పద్మిని.

"చెమట తుడుచుకుందారని."

"అంత సెమటేటి? ఏనుగు గానీ తరిమిందేటి?"

జోగి గుడ్డ వైపు చూశాడు. "దంతానికి చుట్టనేదే..."

పద్మిని నవ్వు ఆపేసింది. "రేపు సయా మొక్కు గదా. మరి ఎల్లు."

"నువ్వూ రా."

"మీసం నీది. నువ్వే ఎల్లు."

వెళ్ళాడు. చంద్రుడికి మబ్బు పట్టి దారి పొడుగునా చీకటి. వాగు మీద గాలి లేదు, ఉక్క. జోగి గుండె కొట్టుకుంటుంటే అవతలి ఒడ్డున తాకేటాలో జనం ఎక్కడో పెళ్ళి డప్పులనుకున్నారట.

తలుపు తోశాడు. లోపల్నించి చల్లటి గాలి మొహాన కొట్టింది...

గర్... గర్... గర్...

మూలన, చీకట్లో — ఆకుపచ్చ కన్ను. వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

పారిపోదామంటే భుజాన గుడ్డ రాయంత బరువైంది. జోగి చేతులు జోడించాడు. పెద్ద ప్రాణి కదా, మర్యాద తప్పకూడదని, బర్మాలో పెద్దల పేరు ముందు పెట్టే 'ఊ' కూడా చేర్చి — "ఊ ఏనుగు గారూ..." అన్నాడు గొణుగుతూ. "దంతం మీదే. కాదన్ను. ఈ ఒక్క రాత్రికీ గుడ్డ చుట్టనివ్వండి. మా సయా మొక్కు..."

చప్పుడు ఆగింది. ఆకుపచ్చ కన్ను మెల్లగా అతని వైపు తిరిగింది.

"తలుపెయ్యరా వెధవా," అంది ఏనుగు, అచ్చ తెలుగులో.

ఊ కిన్ మౌంగ్. కోటు తొడుక్కుని, కాలితో తొక్కే సానచక్రం ముందు కూర్చున్నాడు. ఒక చేతిలో పచ్చరాతి తామర, దాని వెనక టార్చి. రాతిలో చీలిక ఉందేమోనని దీపం ఆనించి చూడటం ఆ పనిలో అందరూ చేసేదే. రాయి కన్నులా వెలుగుతుంది.

"మాండలే అన్నారు గదా, సయా?"

"చక్రానికి రాయి ఆనిస్తే వణుకు ఆగుతుందిరా. కానీ ఈ చేతులు నలుగురూ చూడటం నాకిష్టం లేదు. అందుకే ఏనుగు కథ పుట్టించాను. కరెంటు పోగానే మీరంతా పరిగెడతారు, నేను వెనక గుమ్మంలోంచి వస్తాను."

జోగికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "ఈ ఉక్కలో కోటేటి, సయా?"

"సాయంత్రమైతే ఇక్కడ చలి. వాగు గాలేమో."

జోగి గుడ్డ విప్పుతూ దంతపు ఏనుగు దగ్గరికి నడిచాడు. వేలు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఐసుగడ్డలా ఉంది. ఒంటి నిండా తడి. తొండం కొస నుంచి ఒక చుక్క జారి బల్ల మీద పడింది. బీట లేదు, గీత లేదు.

"బతికించారు సయా. మీరే తడిపేశారు."

టార్చి వెలుగు దంతం మీదికి మళ్ళింది.

"నేనా?" అన్నాడు ముసలాయన గొంతు తగ్గించి. "దంతాన్ని నేను ముట్టుకుని ఏడాదైందిరా."

చక్రం ఆగే ఉంది. అయినా వాళ్ళిద్దరి వెనక, పైకప్పు రేకులకి కాస్త కింద... ఎవరో చాలా పెద్దవాళ్ళు, తృప్తిగా, చల్లగా ఊపిరి వదిలారు.