రెండు దుంగలు

మడికొండ దాటినంక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. చీకటి పడితే దాని ముందు ఎవరూ బండి ఆపరు. లోపల ఒక పాత విదేశీ కారు... రాత్రిపూట మనిషిలెక్క పొడుగ్గా ఊపిరి వదిలి, మెల్లగా నేలకు ఆని పడుకుంటదట.

"అది విన్సెంట్ ఊపిరే," అంటరు చుట్టుపక్కలోళ్లు.

విన్సెంట్ మా తమ్ముడు. ఆ షెడ్డుల బండ్లు బాగుచేసేటోడు.

దయ్యాలను నమ్మే ఇల్లు కాదు మాది. ఆ ఊపిరి సంగతి నాకు ముందే తెలుసు — తమ్ముడే చెప్పిండు. ఆ కారును పైకెత్తి పట్టేది ఒత్తిడి మీదుండే పచ్చటి నూనె. ఇంజన్ నడిస్తే లేస్తది. ఆపితే మెల్లమెల్లగ దిగుతది. పైపు ఊడితే మాత్రం... ఒక్కసారే.

అందుకే ఏ బండి కిందికి దూరినా ముందు దుంగలు పెట్టేటోడు. కాజీపేట రైల్వేల పనిచేసిన మా నాన్న ఇమ్మానుయేలు తెచ్చిన, పట్టాల కింద ఏసే పాత స్లీపరు చెక్క — రెండు ముక్కలు, ఒక్కోదాని మీద ఉలితో చెక్కిన సిలువ. పెట్టినంక పిడికిలితో రెండుసార్లు కొట్టేటోడు. టక్, టక్. తనతో పనిచేసే మహిపాల్‌ను గూడ రోజుకు పదిసార్లు అడిగేటోడు.

"దుంగ పెట్టినవారా?"

"పెట్టినన్నా! రేపు నా పెండ్లిల గూడ ఇదే అడుగుతవేమో."

"నీ బరువుకు పీట కింద అయ్యే పెట్టాలె మరి."

పోయినేడు జూలై వానలకు మా ఇంట్లకు నీళ్లొచ్చినయి. నేనే ఫోన్ చేసిన. "తమ్మీ, అమ్మ బీరువా తడుస్తాంది. కింద పెట్ట ఏమన్న ఉన్నయా?"

అంత వానల ఆ రెండు దుంగలూ బండి మీద తెచ్చిండు. వాకిట్ల పోయేటోళ్లను పిలిచి, నలుగురు కలిసి బీరువా ఎత్తి, చెరో పక్క ఒకటి పెట్టిండు. అండ్ల అమ్మ పెండ్లి చీర, మా ఇంటి బైబిలు ఉన్నయి.

"నీళ్లు పోయినంక తీసుకపోత అక్కా."

మూడోనాడు ఆ కారు పైపు కారుతాందని కిందికి దూరిండు. మహిపాల్ చాయ్ తెచ్చేలోపల అయిపోయింది.

"అందరికీ చెప్పేటోడు, తనే దుంగలు పెట్టుకోలే... ఎంత అజాగ్రత్త!" సమాధి కాడ అదే మాట. నేను తలొంచుకుని నిలబడ్డ. దేవునికి తప్ప ఎవ్వరికీ చెప్పలే. నీళ్లు ఎప్పుడో పోయినయి. దుంగలు మాత్రం బీరువా కిందనే ఉన్నయి... ముట్టుకోను నాకు చేతులు రాలే.

మొన్న గురువారం రాత్రి జరిగింది, మహిపాల్ చెప్పింది చెప్పినట్టే రాస్తున్న.

తెల్లారితే కారును తీసుకపోను ఓనరు లారీ పంపుతానన్నడు. మహిపాల్ ఒక్కడే షెడ్డుల ఉన్నడు. ఇంజన్ నడిపిండు, కారు లేచింది. ఆపి, కారుతున్న పైపు బిగిద్దామని టార్చి పట్టుకొని కిందికి దూరిండు. దుంగల బదులు తెచ్చుకున్న ఇనుప స్టాండ్లు వేరే బండి కింద ఉండె. ఒక్క నట్టే గద... అనుకున్నడు.

పానా పెట్టిండు.

టక్... టక్.

చెవి పక్కనే, గుసగుసగ —

"దుంగ పెట్టినవారా?"

అలవాటుల "పెడతన్నా" అనేసిండు. అన్నంక... అన్న లేడన్నది యాదికొచ్చింది.

పానా జారి నట్టు ఊడింది. పచ్చ నూనె మొహం మీద చిమ్మింది. హుస్స్‌స్... కారు మొత్తం మీదికి దిగింది — దిగి, రొమ్ముకు వేలెడు దూరంల ఆగింది.

పాక్కుంట బయటపడి టార్చి కొట్టి చూసిండు. తన పక్కనే, కారు చట్రానికి ఆని... ఒక దుంగ.

తను పెట్టలే.

తెల్లారి నా ప్రార్థన అయిపోకముందే వచ్చిండు. జాకీతో కారు ఎత్తి తీసిన దుంగను సంచిల నుంచి నా ముందట పెట్టిండు. నాన్న చెక్కిన సిలువ.

"ఇన్నొద్దులు ఏడున్నదక్కా ఇది? అన్ననే అజాగ్రత్త పడ్డడని అందరం అనుకుంటిమి..."

ఏడాది నుంచి గొంతుల ఉన్న మాట అప్పుడొచ్చింది. "నా కాడనే ఉన్నయి బిడ్డా. నేనే అడిగిన. నా కోసమే తెచ్చిండు."

మహిపాల్ కండ్లు తుడుచుకున్నడు.

లేచి లోపలి అర్రలకు పోయిన. రాత్రి నేనే గడియ పెట్టుకున్న ఇల్లు. నలుగురు పడితే గాని లేవని బీరువా... ఒక దిక్కు దిగి, గోడకు ఒరిగి ఉంది.

కింద ఒక్క దుంగే మిగిలింది.

బీరువా అంచు మీద నాలుగు వేళ్ల గుర్తులు. పచ్చగ. తాకితే ఇంకా తడి.

మోకాళ్ల మీద పడ్డ. ప్రార్థన మాటలు ఒక్కటీ రాలే. ఇదొక్కటే వచ్చింది —

"నీళ్లు పోయినయి తమ్మీ... రెండోది గూడ తీసుకపో."