చుట్టపుచూపు ఖరీదు

పొద్దున్నే పెసరట్టు వేస్తున్న లక్ష్మీదుర్గకి రేపల్లె నుంచి ఫోనొచ్చింది. వాళ్లన్నయ్య శివరామయ్య.

"అమ్మాయ్, శుక్రవారం బాగుందంట. పదింటికల్లా రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరుంటే చాలు. ఆధార్ కార్డు మర్చిపోకు."

"దేనికన్నయ్యా?"

అవతల ఆయన గొంతు తగ్గింది.

"బావ చెప్పలేదా? నీ స్థలం నేనే తీసుకుంటున్నాగా. ఫైనాన్స్ వాళ్ల బాకీ నేను కట్టేసి, మిగిలింది మీకిచ్చేస్తా. నీకు తెలుసనుకున్నానే!"

అట్టు మాడి వాసనొచ్చింది. ఆమె స్టవ్ కట్టేసి, పెనం అలాగే వదిలేసి ముందుగదిలోకి వచ్చింది. మొగుడు బసవపున్నయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఇందాకటి నుంచీ అదే పేజీ. "దేనికన్నయ్యా" అన్న మాట వినగానే అతనికి సంగతి అర్థమైంది. అయినా పేపరు దించలేదు. దాని వెనక ఉన్నంతసేపూ తను ఆ ఇంట్లో లేనట్టే.

"నా స్థలానికి బేరం పెట్టారా?"

"బేరమేంటి దుర్గా, మీ అన్నయ్యేగా. బయటివాళ్లకి పోలేదు."

"మా నాన్న పసుపు కుంకుమ కింద నాకిచ్చింది మా అన్నయ్యకి తిరిగివ్వడానికా? ఆ మాత్రానికి ఇవ్వడమెందుకు, ఆయన దగ్గరే ఉంచుకునేవాడుగా!"

"నెలాఖరు లోపు కట్టకపోతే లీగల్‌కి పంపుతారంట. ఏం చెయ్యమంటావు?"

"వాయిదాలన్నీ కట్టేశాం. పోయిన నెలతో అయిపోయింది. ఇంకా ఈ రెండు లక్షల డెబ్భై వేలు దేనికని అడిగారా?"

అతను పేపరు మడత సరిచేసుకున్నాడు.

"అడిగారా, లేదా?"

"సిస్టంలో ఉన్నాయంట. ఫైనాన్స్ ఆఫీసు కార్తీక్ చెప్పాడు."

"కార్తీక్ చెప్పాడా! ఇంకేం, వాడి మాట వేదం. పెళ్లాం మాట పకోడీ పొట్లం కట్టే పేపరు."

రేపల్లెలో ఆరు సెంట్ల ఖాళీ స్థలం అది. లక్ష్మీదుర్గ పేరు మీద ఈ భూమ్మీద ఉన్నది అదొక్కటే. తెనాలి మార్కెట్లో నిమ్మకాయల కమీషన్ కొట్టు నిలబెట్టుకోవడానికి అతను దాన్ని తాకట్టు పెడదామంటే, ఆమె రెండు రోజులు అన్నం సరిగ్గా తినక, మూడో రోజు వెళ్లి సంతకం పెట్టింది. కొట్టు నిలబడలేదు. అప్పు మాత్రం నిలబడింది. స్కూటరు అమ్మి, ఆమె గాజులు అమ్మి, బాపట్లలో కాలేజీ ఆఫీసులో పనిచేసే కూతురు కావేరి జీతంలోంచి నెలనెలా తీసి, ఎలాగో వాయిదాలు పూర్తి చేశారు. దస్తావేజు ఇచ్చెయ్యమని వెళితే, 'ఇతర చార్జీలు' కట్టి తీసుకెళ్లండి అన్నారు.

అడగడం పున్నయ్యకి చేతకాదు. ముప్ఫయ్యేళ్లు అతను బతికిన మార్కెట్లో పద్ధతి అది. రైతు బస్తాలు దించుతాడు. కమీషన్‌దారు తరుగు తీసి, కూలి తీసి, మిగిలింది చేతిలో పెడతాడు. రైతు ఆ నోట్లు లెక్కపెట్టకుండా పంచెలో దోపుకుంటాడు. ఎదురుగా లెక్కపెడితే అవతలి మనిషిని దొంగ అన్నట్టే. లెక్క అడిగినవాడు మళ్లీ ఆ కొట్టు మెట్లెక్కడు. నమ్మకమంటే పున్నయ్యకి అదే. ఇప్పుడీ వయసులో, అద్దాల గది ముందు నిలబడి, దేనికెంత అని అడగడం అతని వల్ల కాలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని అతను తనకి కూడా చెప్పుకోలేదు.

కొట్టు మూసేశాక మార్కెట్టువాళ్లు ఎదురుపడితే ఫోను చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఇంటికి వచ్చేది ఒక్క కార్తీకే. ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు. "పెదనాన్నా, మీ కాలంలో ఎండాకాలం నిమ్మ ఎంత పలికేది?" అని కూర్చుని వినేవాడు. వెళ్లేముందు ఏ ఇన్సూరెన్సు కాగితమో తీసి, "ఇక్కడో చిన్న సంతకం పెదనాన్నా" అనేవాడు. ఆ పిలుపు విన్నాక కాగితం చదవడం పున్నయ్యకి మర్యాద అనిపించేది కాదు. లక్ష్మీదుర్గ కూడా వాడికి దోసావకాయ సీసాలో పెట్టి ఇచ్చి పంపేది. వాడొచ్చిన రోజు మొగుడు రెండు ముద్దలు ఎక్కువ తినడం ఆమె గమనించింది.

"నేను కావేరికి ఫోన్ చేశాను" అంది ఆమె వంటింట్లోంచి. "ఫైలు బాపట్ల ఆఫీసులో ఉందంట. అది సెలవు పెట్టి వస్తానంది. మీరొస్తే రండి. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తా. సంతకం నాది, అడిగేది నేనే."

అతను చొక్కా వేసుకున్నాడు. తెనాలి నుంచి బాపట్ల దాకా రైల్లో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నిడుబ్రోలు దాటాక నీళ్ల సీసా అతని వైపు జరిపింది గాని, మాట మాత్రం లేదు.

మేనేజరు పేరు స్నేహలత. మర్యాదగా కుర్చీలు చూపించింది.

"చార్జీలన్నీ అగ్రిమెంటులో ఉన్నవేనండి. ఆలస్యానికి పెనాల్టీ, ఇన్సూరెన్సు, విజిట్ చార్జీలు."

"పెనాల్టీ సరేనండి, మూడు వాయిదాలు ఆలస్యమయ్యాయి, కాదనం" అంది కావేరి. "ఈ విజిట్ చార్జీ ఏంటి?"

"వసూలుకి మా స్టాఫ్ ఇంటికొచ్చిన ప్రతిసారీ పడుతుందమ్మా. దాని మీద జీఎస్టీ. కట్టకపోతే దాని మీద వడ్డీ."

కావేరి తండ్రి వైపు చూసింది. "నాన్నా, వసూలుకి ఎవరొచ్చారు మనింటికి?"

"ఎవరూ రాలేదమ్మా. కార్తీక్ తప్ప..." అని ఆగిపోయాడు పున్నయ్య.

స్నేహలత స్క్రీన్ వాళ్ల వైపు తిప్పింది. కావేరి తేదీలు పైకి చదవసాగింది. నాలుగైదు చదివేసరికి లక్ష్మీదుర్గ చెయ్యెత్తి ఆపింది.

"ఆగవే. అది సుబ్రహ్మణ్య షష్ఠి. నేను ఉపవాసం. ఈ అబ్బాయికని విడిగా కూర వండాను. ఆ పూట వసూలు చేసింది వంకాయ కూరండి, మేడమ్."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వాపుకున్నారు. లక్ష్మీదుర్గ నవ్వలేదు. "తర్వాతది చదువు" అంది. తర్వాతది కార్తీక్ తన పెళ్లి శుభలేఖ తెచ్చిన రోజు. ఆ తర్వాతది చదివినప్పుడు మాత్రం ఆమె మొగుడి మోచేతి మీద చెయ్యి వేసింది.

ఆ రోజు పున్నయ్యకి జ్వరం. ఒళ్లు తెలియలేదు. కార్తీకే బండి మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. పడిపోతాడేమోనని ఒక చేత్తో వెనక్కి పట్టుకుని మరీ నడిపాడు. సొంత కొడుకున్నా ఇంతే కదా అని ఆ రాత్రి మంచంలో అనుకున్నాడు పున్నయ్య.

"ఆ రోజు కూడా వేశారా?" అన్నాడు. ఆ ఆఫీసువాళ్లని అతను అడిగిన మొదటి ప్రశ్న అదే.

స్నేహలత లోపలికి కబురు పెట్టింది. కార్తీక్ వచ్చి నిలబడ్డాడు. వాడి చూపు ముందు లక్ష్మీదుర్గ మీద పడి, వెంటనే నేల మీదకి దిగింది.

"వసూలుకే వెళ్లావా?" అంది స్నేహలత.

"రోజుకి ఎనిమిది ఇళ్లు చూపించాలి మేడమ్. ఫోన్లో లొకేషన్ పడిపోద్ది. అక్కడ ఆగి విజిట్ రాయకపోతే ఆ గంట ఎక్కడ తిరిగావంటారు. రాసింది నేనే గాని, డబ్బు వేసేది సిస్టం." పున్నయ్య వైపు తిరిగాడు. "మిగతా ఇళ్లలో గుమ్మం దాటనివ్వరు పెదనాన్నా. మీ ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు. అందుకే వచ్చేవాణ్ణి. ఒట్టు."

అది అబద్ధం కాదని పున్నయ్యకి తెలిసింది. అబద్ధమైతే బాగుండేది. కోపం తెచ్చుకుని లేచి వెళ్లిపోయేవాడు.

"ఒక పని చేద్దామండి" అంది స్నేహలత గొంతు తగ్గించి. "ఇవి వసూలు విజిట్లు కావని రాసి సంతకం పెట్టివ్వండి. పైకి పంపుతాను. జవాబొచ్చేదాకా ఫైలు లీగల్‌కి పంపను. తీసేస్తారో లేదో నేను మాటివ్వలేను. ఇన్సూరెన్సు సంగతి కూడా రాయండి. లోను అమ్మగారిది, ఆమె సంతకం ఎలాగూ కావాలి. కార్తీక్ వచ్చింది పున్నయ్యగారి కోసం కాబట్టి ఆయన కూడా రాయాలి."

వరండాలో కావేరి కాగితం రాస్తుంటే కార్తీక్ వెనకే వచ్చాడు.

"పెదనాన్నా, మీరది రాస్తే నా ఉద్యోగం పోద్ది. నెల తిరిగితే మా ఆవిడకి పురుడు. వేరే ఏదన్నా రాయండి. సిస్టం తప్పని రాయండి."

"సిస్టం మా ఇంట్లో కూర్చుని భోంచేసిందా తమ్ముడూ?" అంది కావేరి.

"నువ్వాగమ్మా" అన్నాడు పున్నయ్య.

కలం అతని చేతిలో ఉంది. ఇంతకాలం తను ఎందుకు అడగలేదో అప్పుడు అర్థమైంది అతనికి. అడిగితే ఏం తెలుస్తుందో లోపల ఎక్కడో తెలుసు. తెలుసు గనకే అడగలేదు. వీడు వస్తూ ఉండాలి, పెదనాన్నా అంటూ ఉండాలి. దానికయ్యే ఖర్చు భార్య స్థలం అయినా సరే, ఇచ్చెయ్యడానికి సిద్ధపడ్డాడు. తన ఒంటరితనానికి ఆమె పుట్టింటి మట్టిని వెల కట్టాడు. మార్కెట్ పద్ధతి, పరువు, నమ్మకం, అవన్నీ దాని మీద కప్పిన గోనెపట్టాలు.

లక్ష్మీదుర్గ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తన సంతకం అప్పటికే పెట్టేసింది.

"కార్తీక్" అన్నాడు పున్నయ్య. "నువ్వు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లావని కూడా రాయిస్తున్నాను. అది కూడా నిజమేగా. ఉన్నదున్నట్టు రాస్తాను. అంతకంటే నేనేం చెయ్యలేనురా."

సంతకం పెట్టాడు. కార్తీక్ ఇంకేదో అనబోయి, మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. స్నేహలత కాగితం తీసుకుని, నకలు మీద ముద్ర వేసి ఇచ్చింది. కావేరి దాన్ని మడిచి తల్లి సంచిలో పెట్టింది.

పున్నయ్య ఫోను తీశాడు. "బావగారూ, శుక్రవారం మేం రావట్లేదు. స్థలం అమ్మట్లేదు... లేదండి, తనకి తెలీదు. తనని అడక్కుండా మీకు మాటిచ్చాను. తప్పు నాది." అవతల శివరామయ్య ఏదో గట్టిగానే అన్నాడు. అతను అంతా విని, "అవునండి, అనాల్సిందే" అన్నాడు.

కావేరి వాళ్లని స్టేషన్లో దింపి వెళ్లిపోయింది. రైలు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. చార్జీలు తీసేస్తారో లేదో తెలియదు. తీసెయ్యకపోతే ఎక్కడి నుంచి తేవాలో అసలే తెలియదు. ఆ కుర్రాడి భార్యకి నెల తిరిగితే పురుడు. పున్నయ్య నోటి మీద కండువా అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం మొదలైంది.

"వాడు నా కోసం రావడం నిజం కాదేమోనని భయమేసింది దుర్గా. అందుకే అడగలేదు. నీ స్థలం పోతే పోయిందనుకున్నాను. నా అంత నీచుడు..."

ఎదురు బెంచీలో కూర్చున్న ఆడవాళ్లు ఇటు చూశారు. అతను గబగబా కళ్లు తుడుచుకోబోయాడు.

రైలెక్కినప్పట్నుంచీ అతనితో మాట్లాడని లక్ష్మీదుర్గ జరిగి, వాళ్లకి అతను కనపడకుండా కొంచెం అడ్డంగా కూర్చుంది.

"ఒక్కరే ఉన్నట్టుందని నాతో అనొచ్చుగా" అంది. "నేను ఇంట్లోనే ఉన్నానుగా."

అతను తలెత్తి ఆమెని చూశాడు. ఆమె కళ్లు కూడా నిండి ఉన్నాయి. చేత్తో అతని తల మెల్లగా తన భుజం మీదకి వంచుకుంది.

"ఏడవండి" అంది. "రైలు రావడానికి ఇంకా టైముంది."