అత్తయ్యను ఎవరడిగారు?

ఆ ఆదివారం పొద్దున్నే హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. సోఫాను గోడవారకు నెట్టి, భోజనాల బల్లను వంటింటి గుమ్మం దాకా జరిపి, కోడలు నట్టింట్లో టెంటు వేసింది. ఆవిడ ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తుంది. ముందుగా సరిచూసుకోనిదే ఏ పనికీ దిగదు. విహారయాత్రకు విమానం టికెట్లు, దిగగానే ఎక్కడానికి అద్దె వ్యాను, సరస్సు ఒడ్డున టెంట్లు వేసుకోవడానికి జాగా, అన్నీ కుదిర్చింది. కుదరనిదల్లా అత్తమామల మధ్య మాటలే.

కొన్నాళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎందుకో కోడలికి అంతుపట్టలేదు. కబుర్లన్నీ ఆవిడ మీదుగానే నడుస్తున్నాయి.

“మీ మామయ్యకి చెప్పమ్మా, కాఫీ చల్లారిపోతోందని,” అంది అత్తయ్య. మామయ్య అక్కడే, ఆవిడకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

“చల్లారితే చల్లారనీ అని చెప్పు,” అన్నాడాయన.

కోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “విన్నారుగా? ఇంక నేను చెప్పేదేముంది?”

అవతల ఆవిడ భర్త పెట్టెను కౌగిలించుకుని బరువు చూసే మిషనెక్కాడు. అంకె చూసి నీరుగారిపోయాడు. “పెట్టె సరిగ్గానే ఉందోయ్. నేనే పెరిగాను.”

అప్పటికే టెంటులో దూరి దొర్లుతున్న వాళ్ళ కూతురు తల బయటపెట్టింది. “అమ్మా, నానమ్మ ఏ టెంట్లో పడుకుంటుంది?”

“నానమ్మ రావడం లేదమ్మా. మోకాళ్ళ నొప్పులు కదా,” అన్నాడు తండ్రి.

“ఎవరన్నారు?”

ఆ గొంతుకి అందరూ ఉలిక్కిపడ్డారు. అత్తయ్య కాఫీ గ్లాసు బల్ల మీద ఠంగున పెట్టింది.

“నాన్నే అన్నారమ్మా. నీకు ఓపిక లేదనీ, నేల మీద పడుకోలేవనీ…” అన్నాడు కొడుకు.

“మోకాళ్ళు నావి. నొప్పి నాది. జవాబు మాత్రం ఆయనదా? ఆ రోజు ఆయన మీకు చెప్తుంటే విన్నాను. పోనీ, మీలో ఎవరైనా వచ్చి నన్నొక్క మాట అడుగుతారేమోనని చూశాను. చూస్తూనే ఉన్నాను.”

కోడలు రోగికి ఒక్క మాత్ర ఇవ్వాలన్నా పేరు అడిగి, సరిచూసుకుని గానీ ఇవ్వదు. ఇంట్లో మనిషి పేరు మాత్రం ఆ మనిషిని అడగకుండానే ప్రయాణం జాబితాలోంచి కొట్టేసింది.

“లేవే బుడ్డీ,” అని మనవరాల్ని బయటికి లాగి, అత్తయ్య మోకాళ్ళ మీద పాకుతూ టెంట్లోకి వెళ్ళిపోయింది. “ఏవండీ, మీరూ రండి లోపలికి!”

ఇన్నాళ్ళకు నేరుగా పిలిచిన పిలుపు! మామయ్య పిల్లిలా లోపలికి దూరాడు. జిప్పు సర్రున మూసుకుంది.

“ఇప్పుడు చెప్పండి. ఎందుకలా అన్నారు?”

“నీ మంచి కోసమే…”

“నా మంచి సంగతి నేను చూసుకుంటాను గానీ, నిజం చెప్పండి.”

జిప్పు కిరకిరలాడింది. ఎంత లాగినా రాలేదు. “ఇరుక్కుపోయిందే ఇది!” మామయ్య గొంతులో కంగారు.

“ఇరుక్కోలేదు, నేనే పట్టుకున్నాను. కానివ్వండి.”

లోపలి నుంచి చాలా చిన్న గొంతు వినిపించింది. “నాకు భయం.”

“దేనికి?”

“విమానానికి.”

హాల్లో కొడుకు నోరు తెరిచాడు. మామయ్య ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేయడమే. ఎంతెత్తు భవనమైనా చకచకా ఎక్కేసేవాడు.

“అంతంత ఎత్తుల్లో వేలాడిన మీకు భయమా?”

“అక్కడ ఉక్కుతాడుంటుందే! విమానానికి తాడేదీ? పైనుంచి దాన్ని పట్టుకున్నదెవరు?” ఆయన ఏడుపు గొంతుతో అన్నాడు. “నువ్వు రావంటే నీకు తోడుగా నేనూ ఆగిపోవచ్చనుకున్నా. తీరా చూస్తే అబ్బాయి, ‘అమ్మకి పిన్నిని తోడు పెడదాం, మీరు రండి నాన్నా’ అన్నాడు. నేను తీసిన గోతిలో నేనే పడ్డాను.”

ముందు టెంటు సన్నగా వణికింది. తర్వాత గట్టిగా ఊగింది. అత్తయ్య నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కర్రను తన్నేసరికి టెంటు మొత్తం వాళ్ళ మీద కూలబడింది. గుడ్డ కింద రెండు ముద్దలు అటూ ఇటూ కదిలాయి. “జాగ్రత్త, నీ మోకాలు!” అని ఒకటి, “ముందు మీ మోచెయ్యి తియ్యండి!” అని ఇంకొకటి.

కోడలూ కొడుకూ కలిసి గుడ్డ ఎత్తారు. అత్తయ్య జుట్టంతా రేగిపోయి ఉంది. కళ్ళలో నీళ్ళు. అన్నీ నవ్వుకు వచ్చినవి కావని కోడలికి తెలుస్తూనే ఉంది. అత్తయ్య పక్కనే నేల మీద చతికిలబడింది.

“తప్పు నాదే అత్తయ్యా. నేనైనా మిమ్మల్ని అడగాల్సింది.”

“ఇప్పుడడుగు మరి.”

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. “మాతో వస్తారా అత్తయ్యా?”

అత్తయ్య రేగిన జుట్టు సర్దుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, తీరిగ్గా గోడకు చేరగిలబడింది.

“ఇంకొక్కసారి అడగమ్మా,” అంది. “వినడానికి బావుంది.”